కంగారు వేషం

ఫుజైరా రాళ్ల క్వారీలో పనిచేసే ఆదిశేషు మనిషి పొట్టి, గొంతు పెద్దది. అమలాపురం దగ్గర పల్లెటూరు. దసరాకి పులివేషం కట్టడంలో వాళ్లింటికి పేరు. గల్ఫ్‌కి వచ్చాక ఆ ఒంటికి రాళ్ల దుమ్ము తప్ప రంగు తగల్లేదు.

1979 చలికాలంలో ఒకరోజు క్వారీ ముదీర్‌గా, అంటే మేనేజరుగా ఉన్న ఆస్ట్రేలియా దొర అతన్ని ఆఫీసుకి పిలిచాడు. ఆ దొరలకి కోలబంతితో ఆడే సొంత ఆట ఒకటుంది. కాలితో తన్నుతారు, చేత్తో పడతారు, బంతి కోసం ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కుతారు. శుక్రవారం క్వారీ జట్టుకి దుబాయ్ జట్టుతో ఫైనలు. ఆటకి ముందు బ్యాండు వాయిస్తుంది, దాని ముందు ఎవరో ఒకరు వేషం కట్టి గెంతాలి.

"తుమ్ కంగారూ," అన్నాడు దొర.

"నాకేం కంగారు లేదు సార్. నో కంగారు."

"యస్, కంగారూ," అని దొర గోడమీద క్యాలెండర్లో ఉన్న జంతువు బొమ్మ చూపించాడు.

మెస్‌లో వంటచేసే కరీంనగర్ లచ్చన్న గోనెసంచులు కత్తిరించి వేషం కుట్టాడు. "గిది ఎలుకనా, కుందేలా?" అనడిగాడు.

"రెండిటికీ పుట్టినట్టుంది లచ్చన్నా. తోక కొంచెం గట్టిగా కుట్టు."

శుక్రవారం బ్యాండువాళ్ల వ్యాను కొండదారిలో ఆగిపోయింది. జనం వచ్చేశారు. దొర వాచీ చూసుకుని, "యల్లా, అకేలా కరో," అని ఒక్కడినే కానిమ్మన్నాడు. ఆదిశేషు గెంతుకుంటూ ఇసక మైదానంలోకి వెళ్లాడు. నాలుగు గెంతులకే తోక కాళ్లకి చుట్టుకుని బోర్లా పడ్డాడు. పిల్లలు పగలబడి నవ్వారు. గోనెతల లోపల అతని చెవులు వేడెక్కిపోయాయి.

లచ్చన్న ఖాళీ డీజిల్ డ్రమ్ము దొర్లించుకుంటూ వచ్చాడు. "ఎగురుడు బంజెయ్. నీకొచ్చింది జెయ్. నేను గొడ్త," అని రెండు గరిటెలతో దరువు మొదలెట్టాడు.

ఆ దరువు వినగానే ఆదిశేషు భుజాలు వాటంతటవే కదిలాయి. కంగారు గాండ్రించింది, నడుం వంచి నాలుగుకాళ్ల మీద తిరిగింది. గోలు స్తంభాల దగ్గర తెల్లకోటు, తెల్లటోపీతో ఒకాయన జెండాలు పట్టుకుని గంభీరంగా నిలబడి ఉన్నాడు. గోలు పడిందో లేదో చెప్పే పెద్దమనిషి. ఆదిశేషు మాత్రం డాక్టరనుకున్నాడు. గుంపులో అందరికన్నా బిగుసుకుని నిలబడ్డవాడి మీదకే పులి దూకాలని వాళ్ల నాన్న చెప్పేవాడు. దూకాడు. ఆయన జెండాలు పారేసి స్తంభాల చుట్టూ పరుగు, వెనకాలే కంగారు. రెండు జట్లవాళ్లూ కడుపులు పట్టుకుని ఇసకలో కూలబడ్డారు.

ఆ నవ్వు తగ్గాకే ఫైనలు మొదలైంది. క్వారీ జట్టు ఓడిపోయింది. దొర ముఖం మాడ్చుకుని "ఖలాస్" అన్నాడుగానీ, గోనెతల చంకలో పెట్టుకుని పెప్సీ తాగుతున్న ఆదిశేషు కనబడగానే మళ్లీ నవ్వేశాడు. వచ్చే ఏడు ఈ వేషం తమవైపు కట్టాలని దుబాయ్ జట్టు కెప్టెను అడిగాడు.

"లచ్చన్న వస్తేనే," అన్నాడు ఆదిశేషు.

తిరుగు ప్రయాణంలో ఇద్దరూ పికప్ వెనకాల కూర్చున్నారు.

"భుజాలు పట్టేశాయి లచ్చన్నా."

"గుంజుతున్నయా?"

"గుంజుతున్నాయి. నాలుగేళ్లయింది ఇలా గుంజి."

మరుసటేడు దుబాయ్‌వాళ్లు కారే పంపించారు. లచ్చన్న ముందు సీట్లో కూర్చున్నాడు.