నా పెదాలు చూసిన పిల్ల

కిందటి నెల నా భార్య చనిపోయింది. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కోసం వెతికితే దొరికిన ప్రతి ఫొటోలోనూ నవ్వుతూనే ఉంది. అప్పుడు స్వరూప గుర్తొచ్చింది.

నాలుగేళ్ల కిందట కారేపల్లిలో నేను పిల్లలకు ఫ్లెక్సీ డిజైనింగ్ నేర్పుతూ, బయటి ఆర్డర్లూ తీసుకునేవాణ్ని. ఆ పిల్లల్లో ఒకతె స్వరూప. ఆమెకు పుట్టుకతోనే వినపడదు. నేను మాట్లాడేటప్పుడు నా పెదాలే చూడాలని మొదటి రోజే అలవాటు చేశాను. ఫొటోలో ముఖం ఎలా ఉంటే రంగులు అలా వేయాలనీ నేనే నేర్పాను. చావుకు తెచ్చే ఫొటోలు కూడా నవ్వుతూనే ఉంటాయని చెప్పలేదు.

ఒకాయన తన తండ్రి దశదినకర్మకు ఫ్లెక్సీ చేయమన్నాడు. ఇచ్చింది పెళ్లిలో తీసిన ఫొటో. ముసలాయన పగలబడి నవ్వుతున్నాడు. ఆ పని స్వరూపకు ఇచ్చాను. ఆమె గులాబీ రంగు వేసి, చుట్టూ బెలూన్లు పెట్టింది. నేను చూడకుండానే ప్రింటుకు పంపాను.

"ఏంది సార్ ఇది? మా నాయిన చచ్చిండా, పుట్టినరోజు చేసుకుంటుండా? ఈ చెవిటిదానితోని చేయించినవా?" అని ఆయన క్లాసు మధ్యలో నిలబడి అరిచాడు. పిల్లలు నవ్వారు.

"లేదన్నా, అది ఊడ్చే పిల్ల. నేను లేనప్పుడు కంప్యూటర్ ముట్టుకున్నది" అన్నాను.

స్వరూప ఎదురుగానే ఉంది. నా పెదాలనే చూస్తోంది.

మర్నాడు అందరికంటే ముందొచ్చింది. కంప్యూటర్ దగ్గర కూర్చోలేదు. మూలనున్న చీపురు తీసుకుని గదంతా ఊడ్చింది.

"ఆపమ్మా, తప్పు నాది" అన్నాను. ఆమె తలెత్తలేదు. తలెత్తితేనే కదా, నా మాట ఆమెకు చేరేది.