ఇస్పేటు రాజు మీద అచ్చుతప్పు

ప్రెస్సులో ఆమెను అందరూ ఒత్తులక్క అంటారు. ఇరవై ఆరేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్న మనిషి. పాఠ్యపుస్తకాలు, బ్యాంకు ఫారాలు, మందుల పెట్టెల్లో మడిచిపెట్టే కాగితాలు, ఏవైనా సరే ఆమె బల్ల మీదుగా పోవలసిందే. ఎక్కడ ఒత్తు జారినా, ఎక్కడ సున్నా ఎగిరిపోయినా ఎర్రకలం అక్కడ ఆగి తీరుతుంది. రోడ్డు మీద నడిచేటప్పుడు కూడా దుకాణాల బోర్డులు దిద్దుకుంటూ పోతుందని వాళ్లాయన వేళాకోళం చేసేవాడు. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ఆయన నవ్వితే నాలుగు కొట్ల అవతలికి వినిపిస్తుంది. ఆమె నవ్వగా మాత్రం ప్రెస్సులో ఎవరూ చూడలేదు.

ఒక వేసవిలో ఆమె బల్ల మీదికి పేకముక్కలు వచ్చాయి. బ్యాంకు ఉద్యోగం మానేసి, విందుల్లో ఆడుకునే ఆటలు తయారుచేస్తున్న ఒకమ్మాయి వాటిని అచ్చుకిచ్చింది. చూడ్డానికి మామూలు పేకే, కాని ముక్కముక్కకీ ఒక షరతు ఉంది. ఏడు వస్తే అందరూ చెయ్యెత్తాలి, ఆఖరున ఎత్తినవాళ్లు ఒక గుక్క తాగాలి. కళావరు పది వస్తే తలా ఒక పండు పేరు చెప్పాలి, తడబడితే రెండు గుక్కలు. ఆటీను రాణి తీసినవాళ్లు తమకు గిట్టనివాళ్ల చేత తాగించవచ్చు.

మందు రుచే ఎరగని ఒత్తులక్క వాటిని కూడా పాఠ్యపుస్తకమంత శ్రద్ధగా చదివింది. పక్కన ఖాళీలో ఒక సందేహం రాసి పంపింది. “గుక్క అంటే ఎంత? కొలత ఇవ్వగలరా?”

ఆటలమ్మాయి ఫోన్లో పడిపడి నవ్వింది. “ఎవరి గుక్క వాళ్లదే ఆంటీ. కొలిచి పోస్తే దగ్గుమందు అయిపోతుంది.”

వారం తిరక్కుండా రెండు వందల పెట్టెలు తయారై ఆ అమ్మాయి ఇంటికి వెళ్లిపోయాయి. ఆ మర్నాడే మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి ఆ అమ్మాయి నవ్వలేదు. ఇస్పేటు రాజు మీద “ఒక గుక్క తాగి, గ్లాసు పక్కవాళ్లకు ఇవ్వాలి” అని ఉండాలి. “ఒక కుక్క తాగి” అని పడింది. ఆదివారం మధ్యాహ్నం స్నేహితులందరినీ పిలిచి పేక విడుదల చేయబోతోంది. ప్రెస్సు మిషన్లేమో మరో పది రోజుల దాకా బడిపుస్తకాల పనిలో ఉన్నాయి.

“కంపోజింగులో పొరపాటని చెబుదాంలే అక్కా” అన్నాడు యజమాని.

ఒత్తులక్క లోపలికి వెళ్లి ఆఖరి ప్రూఫు వెతికి తీసింది. కుక్క స్పష్టంగా ఉంది. దాని కింద ఆమె సంతకమూ ఉంది. పేకంతా గుక్క, గుక్క అని చదివీ చదివీ కన్ను అలవాటుపడి దాన్ని కూడా గుక్కే అనుకుంది.

“నా కళ్లముందు నుంచే నడిచిపోయిందండీ” అంది యజమానితో. ఆయన నవ్వు ఆపుకోవడానికి దగ్గు నటించాడు.

ఆదివారం పొద్దున్నే ఆమె ఆటలమ్మాయి ఇల్లు వెతుక్కుంటూ మూడంతస్తులు ఎక్కింది. చేతిలో బయటి కొట్లో సన్నటి అక్షరాలతో “గుక్క” అని రెండు వందల సార్లు అచ్చువేయించిన స్టిక్కరు కాగితం, ఒక కత్తెర.

“తప్పు నాది. నేనే సరిచేసి వెళ్తాను” అంది.

అమ్మాయి ముఖం ఇంకా ముడుచుకునే ఉంది. అయినా కుర్చీ జరిపి, నిమ్మరసం గ్లాసు ముందు పెట్టింది. ఒత్తులక్క ఒక్కో పెట్టె విప్పి, రాజుగారిని బయటికి లాగి, కుక్క మీద గుక్క అంటించి, మళ్లీ లోపల పెడుతూ కూర్చుంది. మధ్యాహ్నం మూడింటికి, ఇంకా నలభై పెట్టెలు మిగిలుండగానే స్నేహితులు దిగిపోయారు. బీరు సీసాలు తెరుచుకున్నాయి. ఎవరో చేతికందిన పెట్టె విప్పేశారు.

నాలుగో ఆటలో, వచ్చినవాళ్లలో ఒకడైన పళ్ల డాక్టరుకు ఇస్పేటు రాజు పడ్డాడు. స్టిక్కరు లేని రాజు.

“ఒక కుక్క తాగి, గ్లాసు పక్కవాళ్లకు ఇవ్వాలి” అని పైకి చదివాడు. “మరి కుక్కేది?”

ఆటలమ్మాయి ముఖం ఎర్రబడింది. ఒత్తులక్క కత్తెర కింద పెట్టి లేవబోయింది. ఈలోగా ఇంకో స్నేహితురాలు, లెక్కల టీచరు అడ్డుపడింది. “ముక్క మీద రాసింది రాసినట్టు ఆడాలని మొదటే అనుకున్నాం కదా. కుక్కవి నువ్వే. మొరిగి తాగు. విని ఎవరు నవ్వితే వాళ్లూ తాగాలి.”

డాక్టరు మొరిగాడు. గది గదంతా తాగాల్సి వచ్చింది. నవ్వనిది ఒక్క ఒత్తులక్క. డాక్టరుకు పంతం పుట్టింది. ఆమె కుర్చీ ఎదుట మోకాళ్ల మీద కూర్చుని, గొంతు చించుకుని మళ్లీ మొరిగాడు. ఆమె కళ్లద్దాల పైనుంచి చూసింది.

“బౌ అంటున్నారు. భౌ అనాలి. ఒత్తు వినపడలేదు.”

లెక్కల టీచరు సోఫా మీద నుంచి జారింది. “మీరు అని చూపించండి మరి” అన్నాడు డాక్టరు.

ఆమె గొంతు సవరించుకుంది. వీపు నిటారుగా పెట్టి, ఒత్తు ఎక్కడా జారకుండా “భౌ” అంది. ఆ మోత మూడంతస్తుల కింద వీధిలోకి వెళ్లింది. కింద ఎక్కడో నిజం కుక్క ఒకటి బదులు పలికింది. దాంతో ఒత్తులక్క కట్ట తెగింది. కళ్లద్దాలు తీసి, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, గుక్క తిప్పుకోకుండా నవ్వింది. షరతు ప్రకారం నిమ్మరసం తాగింది, పొలమారింది, మళ్లీ నవ్వింది.

ఆటలమ్మాయి వచ్చి ఆమె చేతిలోంచి స్టిక్కర్ల కాగితం తీసేసుకుంది. “ఇక అంటించొద్దు ఆంటీ. అంటించినవి కూడా పీకేద్దాం.”

“తప్పు తప్పేనమ్మా.”

“ఉండనివ్వండి. ఇంత బాగా ఆడే ముక్క ఈ పేకలో ఇంకోటి లేదు.”

తర్వాతి పేకకు షరతులు రాయడంలో సాయం చేయమని ఆ అమ్మాయి ప్రెస్సుకే వచ్చి అడిగింది. ఒత్తులక్క రెండు రోజులు ఆలోచించి ఒప్పుకుంది. ఆమె పట్టుబట్టి పెట్టించిన మొదటి షరతు ఇది: గ్లాసులో ఏముందని ఎవరినీ అడగరాదు. నీళ్లు తాగేవాళ్లకీ, బీరు తాగేవాళ్లకీ ఆట ఒకటే.

కొత్త ముక్కలు ఆడి చూడటానికి ఇప్పుడు నెలకో ఆదివారం ఆమె ఆ మూడంతస్తులూ ఎక్కుతోంది. పోయినసారి వాళ్లాయన్ని కూడా వెంట తీసుకెళ్లింది. ఆయన ఎవరూ మొరగకముందే నవ్వేసి, ప్రతి ఆటా ఓడిపోయి, రెండు గ్లాసుల బీరుకే డాక్టరు గడియారం విప్పి చూస్తానని కూర్చున్నాడు. సాయంత్రం బస్సులో కిటికీకి తల ఆనించి, “వచ్చే నెల ఏ ఆదివారం?” అని అడిగాడు. ఆమె ఎదురుగా ఉన్న ప్రకటన చదువుతూ, “రెండోది” అంది.