బంతికి దండం

వయసులో మా బాలయ్య తాతకు కోపం వస్తే చేయి లేచేది కాదు, కాలు లేచేది. 1911లో ఫిజీ దీవుల్లోని నవువా చెరకుతోటలో గిర్మిట్ కూలీగా, అంటే ఒప్పందం మీద వెళ్లిన కూలీగా ఉన్నప్పుడు, కంచరగాడిద మేతంతా నేలపాలు చేసిందని బొక్కెనను ఒక్క తన్ను తన్నాడు. అది సాల కప్పు మీదుగా ఎగిరి కులంబరు ముందు పడింది. కులంబరంటే కూలీల మీద పెత్తనం చేసే తెల్లదొర. వీపు చిట్లడం ఖాయమనుకున్నాడు తాత. దొర మాత్రం ఆ కాలినే ఎగాదిగా చూశాడు. వాళ్ల రగ్బీ జట్టులో గోలు తన్నే మొనగాడు లేడట. మిల్లు జట్టు మీద గోలు కొడితే నెలంతా ఆదివారం పాసు ఇస్తానన్నాడు.

పాసు లేనిదే తోట దాటకూడదు. పెళ్లాడతానని మాటిచ్చిన ద్రౌపది ఆరు మైళ్ల అవతలి తోటలో ఉంది. ఆమెను చూసి రెండు నెలలైంది. తాత వెంటనే తలూపాడు.

తీరా చూస్తే ఆ బంతి గుమ్మడికాయా కాదు, దోసకాయా కాదు. వట్టికాలితో ఎలా తన్నినా వంకరగా పోయి వరిమడిలో పడేది. వారం తంటాలు పడ్డాక, మడమతో మట్టిలో చిన్న గుంట చేసి అందులో నిలబెడితే సూటిగా పోతుందని తెలిసింది.

ఆట రోజు తోటి కూలీ సుబ్బయ్య బోర్లా పడుకుని, నేలకు తగలకుండా గుంట మీద బంతి పట్టుకున్నాడు. బంతి నేలను తాకిన మరుక్షణం ఎదుటివాళ్లు మీదికి ఉరకవచ్చు, అదీ ఆట నియమం. మన తాతేమో, బంతి గుంటలో ఆనగానే వంగి, దాన్ని తాకి కళ్లకద్దుకున్నాడు. ఆవుతోలు మరి! తన్నేముందు క్షమించమని అడగొద్దూ? తలెత్తేసరికి ఆరుగురు దొరలు మీద పడ్డారు.

"మళ్లీ దండం పెడితే పాసు లేదు!" కులంబరు గుడ్లురిమాడు.

పెడితే ద్రౌపది దక్కదు, పెట్టకపోతే పాపం చుట్టుకుంటుంది. తాతకు ఏడుపొక్కటే తక్కువ. ఇంతలో రెండో అవకాశం రానే వచ్చింది.

"ఒరే బాలిగా, కింద పెట్టినంకనే మొక్కాలని ఎవుడు చెప్పినాడ్రా? నా చేతిలో ఉండంగనే మొక్కు!" అన్నాడు సుబ్బయ్య.

తాత మొక్కాడు, తన్నాడు. బంతి రెండు గోలు స్తంభాల మధ్య అడ్డకర్ర మీదుగా పోయింది, గోలే! తాత అది చూడనేలేదు. బొటనవేలు పట్టుకుని గంతులేస్తున్నాడు.

పాసు చేతికొచ్చింది గానీ కాలు కదలదు. ఆదివారం తెల్లవారకముందే బయలుదేరి, కుంటుకుంటూ మధ్యాహ్నానికి చేరాడు. ద్రౌపది కథంతా విని కడుపుబ్బ నవ్వింది. వాచిన వేలు చూశాక నవ్వు ఆగింది. పసుపు నూరి పట్టించి, గుడ్డపీలిక కట్టింది.

"తోలుకు మొక్కినావు, సరే. ఆరు మైళ్లు నడిచొచ్చిన ఈ కాలికి ఎవురు మొక్కుతారు?" అంటూ ఆ పాదాన్ని తాకి కళ్లకద్దుకుంది.

తర్వాత తాతకు ఎన్నిసార్లు కోపం వచ్చినా ఆ కాలు లేవలేదు. మా నాయనమ్మ కళ్లకద్దుకున్న కాలు మరి.