టీచరమ్మకు దిష్టి తీసిన రోజు

మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో చూస్తుంటే తొంగిచూశాను. ఎవరో ఒకావిడ నీళ్ళ తొట్టి ముందు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే, చుట్టూ జనం గుడ్లప్పగించి చూస్తున్నారు. “ఇది పర్ఫార్మెన్స్ ఆర్టులే అవ్వా, నీకు తెలీదు” అంది. తెలియకపోవడమేమిటి, ఐదో తరగతితోనే బడికి దండం పెట్టినదాన్నైనా, అందులో ఒకసారి నేనూ వేషం కట్టాను!

ఇరవయ్యేళ్ళ కిందటి మాట. కడప నుంచి కువైత్ వెళ్ళి, అబూ హలీఫాలో ఒక టీచరమ్మ ఇంట్లో వంట చేసేదాన్ని. ఆమెది ట్రినిడాడ్, అదేనండి, క్రికెట్ పుణ్యమా అని మన మగవాళ్ళకు తెలిసిన వెస్టిండీస్. తండ్రి తాతలను ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చారట, తల్లి తాతలు మన మద్రాసు వైపు నుంచి చెరకు కొట్టడానికి ఓడెక్కారట. అందుకే ఆమె జుట్టు చూస్తే ఆఫ్రికా, కళ్ళు చూస్తే అచ్చం మా పిన్నమ్మ.

ఆ ఏడు ఆమె తల్లి పోయింది. ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే పర్మిట్టు, రెన్యువల్‌కి వెళ్ళిన పాస్‌పోర్టు సమయానికి చేతికి రాక, కడసారి చూపు దక్కలేదు. అప్పటినుంచి కన్నీటిచుక్క రాలేదని, గుండె రాయైపోయిందని నాతో చెప్పేది. చిన్నప్పుడు ఒళ్ళు బాగోకపోతే తల్లి చేసినవన్నీ, అంటే తండ్రి వైపువాళ్ళ ఆకుల స్నానమూ తన వైపువాళ్ళ ఉప్పూ మిరపకాయలూ, మనవరాలు చెప్పిన ఆ ఆర్టులాగా నలుగురి ముందు తనకు తానే చేసుకుంటే ఆ రాయి కరుగుతుందని ఆమె ఆశ. “ఏడవడానికి ఇంత తతంగమా మేడం, ఉల్లిపాయలు తరుగు, ఖలాస్” అని వారమంతా ఆటపట్టించాను. నవ్వేదే కాని ఏడ్చేది కాదు.

శుక్రవారం సాయంత్రం ఇంటి హాల్లో ఆమె పిలిచినవాళ్ళు ఇరవైమంది కూర్చున్నారు. ఆకుల నీళ్ళు తలమీద పోసుకుని, ఉప్పూ మిరపకాయలూ పిడికిట పట్టుకుని తన చుట్టూ తానే తిప్పుకోబోయింది. చెయ్యి భుజం దగ్గరే ఆగిపోయింది. వంటింటి గుమ్మంలో ఉన్న నేను ఇక ఆగలేకపోయాను.

“ఎవురి దిష్టి వాళ్ళే తీసుకుంటారా యాడన్నా? అమ్మ ల్యాకపోతే నేను ల్యానా? ఇట్లియ్యి!”

ఆమెకు ఒక్క ముక్క అర్థమై ఉండదు, అయినా పిడికిలి విప్పింది. మూడుసార్లు తిప్పి, వంటింటి తలుపు వేయడం మరిచి, అన్నీ పొయ్యిమీద వేశాను. ఇక చూసుకోండి, హాలంతా దగ్గులు, తుమ్ములు, ఇరవైమంది కళ్ళలోనూ ధారలు! ఘాటు వచ్చిందంటే దిష్టి లేనట్టేనని కదా మన లెక్క. ఆ మాటే నాకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో చెప్పాను: నీకు దిష్టీ గిష్టీ ఏమీ లేదు మేడం, అమ్మ లేదు, అంతే. అందరూ కళ్ళు తుడుచుకుంటున్న ఆ పొగలో ఆమె నా భుజంమీద పడి వెక్కివెక్కి ఏడ్చింది. చూసినవాళ్ళు అదంతా ఆటలో భాగమేననుకుని చప్పట్లు కొట్టారు. ఎన్నాళ్ళు ప్రాక్టీసు చేశావని ఒకాయన నన్ను అడిగాడు కూడా.

ఇప్పుడు ఏ దేశంలో ఉన్నా కడసారి చూపు ఫోనులోనే దొరుకుతోంది, ఏడుపు బొమ్మలు క్షణంలో వచ్చి పడుతున్నాయి. తలుపులు మాత్రం మూసే ఉంటున్నాయి. అందుకే మా అపార్టుమెంటులో ఎవరింట్లో కష్టమని విన్నా, పిలవకపోయినా వెళ్ళి వంటింట్లో నిలబడతాను. మొదట్లో వింతగా చూసేవారు. ఈ మధ్య నా కోసం తలుపు తీసే ఉంచుతున్నారు.