ఇంజన్లో కానుగాకు

మేకకు ఆకు వేసేవాళ్ళను చూసుంటారు. ఆవుకు వేసేవాళ్ళనూ చూసుంటారు. కారుకు ఆకు వేసిన మహాతల్లిని చూడాలంటే మాత్రం పుంగనూరు వచ్చి మా ఇంటి తలుపు తట్టాలి. నేను చేసిన ఆ ఒక్క పనికి కుప్పం పందేల బీడులో జనం పొట్టలు పట్టుకుని నవ్వారు, మా ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు, ఇంజనైతే కొంచెంలో పట్టేసేది.

నేను బళ్ళో నేర్చింది నా పేరు రాసేంతవరకే. కాబట్టి చెప్పేది నేను, రాసేది మా కూతురు. మధ్యలో అది పడీపడీ నవ్వుతోంది. ఎక్కడైనా అక్షరం వంకర పోయుంటే ఆ పాపం నాది కాదు.

మా ఆయన పేరు నాగరాజప్ప. పుంగనూరులో మదనపల్లె రోడ్డు మీద ఆయనకు మెకానిక్ షెడ్డు ఉండేది. తొంభైల చివర్లో కార్ల పిచ్చి పట్టిన కుర్రాళ్ళు కొందరు బెంగళూరు నుంచి వచ్చి, కుప్పం దగ్గర ఒక బీడును చదును చేసి, గుండ్రంగా దారి వేసి, ఏటా ఎండాకాలంలో కార్ల పందేలు పెట్టడం మొదలుపెట్టారు. ఆ మాట చెవిన పడిన రోజు నుంచి మా ఆయనకు సంగటి సయించలేదు. పాత ఇనుముకు పోబోతున్న చిన్న కారు ఒకటి లాక్కొచ్చాడు. విప్పాడు, కడిగాడు, అతికించాడు. మా పెళ్ళిలో నాకు పూసిన పసుపు దానికి పూసిన గ్రీజులో పావు వంతు కూడా ఉండదు.

ఒకరోజు చూద్దును కదా, కారులో డ్రైవరు పక్క సీటు ఊడబెరుకుతున్నాడు.

"యాల పీకతాండావు దాన్ని? నేను కూర్చునేది యాడ?"

"బరువు తగ్గాలమ్మే. పందెంలో ఒగడే కదా ఉండేది."

"అంటే నేను బరువా?"

"నువ్వు కాదు, సీటు."

"ఆ సీటు మీద కూర్చునేది నేనే కదయ్యా!"

నా మొహం చూసి స్పానరు కింద పెట్టాడు. "ఈ బండి కుప్పంలో ఆగకుండా కడదాకా తిరిగిందనుకో, సీటు మళ్ళా బిగిస్తా. నిన్ను పక్కన కూర్చోబెట్టుకొని హార్సిలీ కొండకు తోలకపోతా. సరేనా?"

సరేనా అంటాడేమిటి! పెద్దపంజాణి పక్క మెట్ట పల్లెలో పుట్టినదాన్ని. బస్సులో నిలబడ్డాను, లారీలో మూటల మీద కూర్చున్నాను, ట్రాక్టరు ట్రాలీలో గడ్డితో పాటు దొర్లాను. కారు ముందు సీట్లో, మొగుడి పక్కన, కిటికీలో మోచెయ్యి పెట్టుకుని కూర్చోవడమనేది నాకు కల. ఊళ్ళోవాళ్ళందరినీ వాళ్ళ వాళ్ళ కార్లలో ఆ కొండకు తిప్పుకొచ్చిన మనిషి, నన్ను మాత్రం తీసుకుపోయింది లేదు. సీటును అటక మీద పెట్టాడు. ఇల్లు ఊడ్చినప్పుడల్లా, అందని బెల్లం వైపు చిన్నపిల్ల చూసినట్టు దాని వైపే చూసేదాన్ని.

ఇక కష్టం ఎక్కడొచ్చిందంటే, ఊరి బయట గుండ్రంగా తోలి చూస్తే, మలుపు తిరిగినప్పుడల్లా కారు లోపల ఎర్రలైటు ఒకటి టక్కున వెలిగి ఆరిపోతోంది. మధ్యాహ్నం సంగటి తింటూ నాకు వివరంగా చెప్పాడు.

"ఇంజను అడుగున ఛాంబరని ఒక తొట్టి ఉంటాదమ్మే. నూనంతా దాంట్లో ఉంటాది. పంపు అందులో మూతి పెట్టి పీల్చి ఇంజనంతటికీ పంపతాది. బండి ఎప్పుడూ ఒగ పక్కకే తిరగతాంటే నూనె ఏమైతాది? సూడు." పళ్ళెం వంచాడు. పులుసంతా ఒక వారకు పోయింది. "పంపు మూతికి గాలే దొరకతాది. గొంతెండిపోతాది, అప్పుడే ఆ ఎర్రలైటు ఎలిగేది. అట్లే తోలితే ఇంజను బిగుసుకొని పట్టేస్తాది. పట్టేసిందంటే ఇంగ బండి పాత ఇనుముకే."

అంటే సీటు శాశ్వతంగా అటక మీదనే. నా గుండె జారింది. జారి, మళ్ళీ ఎగిరింది. ఎందుకంటే ఈ జబ్బుకు మందు నాకు తెలుసు! మా పల్లెలో దూరం నుంచి బిందెలతో నీళ్ళు మోసేటప్పుడు, నడకకు నీళ్ళు ఎగిరి నెత్తి మీద పడకుండా బిందెలో ఆకు రెమ్మ వేస్తాం. కానుగాకైతే మరీ మంచిది. నీళ్ళు పిల్లిలా పడుకుంటాయి.

"ఏమయ్యా, దానికి నాకు తెలిసిన ఉపాయముండాది."

"ముందు పులుసు పొయ్యమ్మే. ఉన్నదంతా కింద పడె."

అంతే. నోరు మూసుకున్నాను. మూసుకున్నది నోరే. చేతులు కాదు.

పందెం రోజు పొద్దున కారును ఎక్కించుకుపోయే లారీని పిలవడానికి ఆయన వెళ్ళాడు. ఇంజను పైన మూత తిప్పి నూనె పోయడం నేను రోజూ చూసేదే. పైన పోసిన నూనె కిందికి పోతుంది, పైన వేసిన ఆకు మాత్రం పోకుండా ఉంటుందా? నా బుర్రకు ఇంతకంటే శాస్త్రం ఏం కావాలి? లేత కానుగ రెమ్మలు కోశాను. దుమ్ము ఉంటే ఇంజనుకు మంచిది కాదని కడిగాను. తడి ఉంటే మంచిది కాదని కొంగుతో తుడిచాను. శుభ్రతలో నన్ను వేలెత్తి చూపేవాళ్ళు పుట్టలేదు. ఒక్కో రెమ్మా లోపలికి తోసి, మూత బిగించి, మూతకు కుంకుమ బొట్టు కూడా పెట్టాను.

కుప్పంలో పందెం మొదలైంది. మా కారు ఎర్రదుమ్ము లేపుతూ మొదటి చుట్టు తిరిగింది. షెడ్డులో ఆయనతో పనిచేసే మునెప్ప నా పక్కన నిలబడి ఈలలు వేశాడు. నేను మాత్రం, అదంతా నా ఆకుల మహిమేనని గుంభనంగా నవ్వుకున్నాను. మనసులో అప్పటికే కొండ సగం ఎక్కేశాను.

రెండో చుట్టులో కారు దారి పక్కకు వచ్చి ఆగింది. ఆయన టక్కున ఇంజను ఆపి దిగాడు. మునెప్పా నేనూ పరిగెత్తాం.

"ఏమైందన్నా?"

"ఎర్రలైటు ఎలిగి ఆరనే లేదురా! మలుపులోనే కాదు, తిన్నంగా పోతాన్నా ఎలగతానే ఉండాది."

ఇంజను మూత తిప్పాడు. లోపల వేలు పెట్టి ఏదో లాగాడు. కరకరలాడుతూ, మిరపకాయ బజ్జీలా నల్లగా వేగిన కానుగాకు.

"ఏందిరా మునెప్పా ఇది?"

"గాలికొచ్చి పడిందేమోన్నా."

"మూత బిగించిన ఇంజన్లోకి గాలి యాడ్నుంచొస్తాదిరా?" ఇంకొకటి లాగాడు. మరొకటి లాగాడు. జాతరలో గారడీవాడు నోట్లోంచి రంగు కాగితాలు లాగినట్టు వస్తూనే ఉన్నాయి. జనం మూగారు. "ఎవుడో కావాలనే చేసినాడు. నా మింద కడుపుమంట ఉండే నా కొడుకెవుడో!"

ఆయన పడే అవస్థ చూడలేక నేను సాయం చేయబోయాను. "ఆ వారగా సూడయ్యా, ఇంగా రెండు రెమ్మలుండాయి."

అప్పుడు బీడంతా లేచిన నవ్వు తమిళనాడు దాకా వినిపించే ఉంటుంది, పక్కనే కదా!

"నువ్వా!" అన్నాడు. తల పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. "పైన పోసిన నూనె కిందికి దిగే చిల్లులమ్మే అవి. నీ ఆకులు అడ్డం పడి నూనంతా పైనే నిలిచిపోయింది. నేను మలుపులోనే ఎండతాది అనుకుంటే, నువ్వు మొత్తానికే ఎండబెడితివే!"

తిరిగొచ్చేటప్పుడు లారీ ముందు భాగంలో ఒక మూలకు ఒదిగి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. కొండ పోయింది, సీటు పోయింది, ఆయన మాట్లాడడం లేదు. పలమనేరు దగ్గరికి వచ్చాక ఉన్నట్టుండి అడిగాడు.

"ఆకులు యాల వేసినావమ్మే?"

"బిందెలో వెయ్యమా? నీళ్ళు దుంకకుండా."

"ఆకు నీళ్ళను ఆపతాదా?"

"ఆపదు. అటూ ఇటూ కొట్టుకోకుండా పట్టుకుంటాది, అంతే."

అరచేతిని తొట్టిలా వంచి, దానికి అడ్డంగా రెండో చేతి వేళ్ళు పెట్టి చూసుకున్నాడు. తరువాత మొదలుపెట్టాడండీ నవ్వడం! లారీ డ్రైవరు భయపడి బండి స్లో చేశాడు. "పిచ్చిదానా, మందు సరే. నోట్లో వేసేది చెవిలో పోస్తివి!" అన్నాడు.

ఇంజను బతికింది. దాన్ని కడిగి, ఛాంబరు విప్పి, లోపల రేకు ముక్కలు అడ్డంగా నిలబెట్టి వెల్డింగు చేశాడు. నూనె మెల్లగా పారుతుంది గానీ ఒక్కసారిగా పక్కకు దూకదు. మరుసటి ఏడు కుప్పంలో మా కారు ఆగకుండా కడదాకా తిరిగింది. అందరికంటే చివర వచ్చింది. ఆయన మాత్రం అందరికంటే ముందు వచ్చినట్టు చేతులూపాడు.

సీటు అటక దిగింది. మదనపల్లెలో టమాట లారీల మధ్య నుంచి, కురబలకోట దాటి, కొండ ఎక్కాం. నేను ముందు సీట్లో. మోచెయ్యి కిటికీలో. నా కల నా కాళ్ళ కింద పరిగెడుతోంది. మరి నేను చేసిన ఘనకార్యం తెలుసా? తల తిప్పలేదు. రెప్ప వేయలేదు. మలుపు తరువాత మలుపు, ఆ ఎర్రలైటు వైపే చూస్తూ కూర్చున్నాను, ఎక్కడ వెలుగుతుందోనని. పైకి చేరి కారు ఆపాడు.

"ఎట్లుండాదమ్మే కొండ?"

"ఎలగలేదయ్యా! ఒక్కతూరి కూడా ఎలగలేదు!"

స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. "మళ్ళా తూరి లైటు మింద గుడ్డ కప్పేస్తాలే. అప్పుడన్నా కొండ సూద్దువు."

ఆ మళ్ళా తూరి రాలేదు. ఆ వానాకాలంలోనే జ్వరమొచ్చి ఆయన వెళ్ళిపోయాడు. కొండ ఎట్లా ఉందని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. ఆ రోజు తోలుతున్నప్పుడు ఆయన మొహం ఎట్లా ఉందో కూడా చెప్పలేను. ఎర్రలైటు మాత్రం ఎక్కడుందో కళ్ళు మూసుకుని చూపిస్తాను. కారును ఎవరికో ఇచ్చేశాం. సీటు ఇవ్వలేదు. అరుగు మీద వేసుకున్నాను. ఇదంతా దాని మీద కూర్చునే చెబుతున్నాను. పక్కన ఇంకొక మనిషి పట్టేంత చోటు ఎప్పుడూ వదిలే ఉంచుతాను.

కాబట్టి మీ అందరి ముందర, పెరట్లో కానుగ చెట్టు సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఈ జన్మలో ఇంకే ఇంజన్లోనూ ఆకు వేయను, రెమ్మ వేయను, ఈనె కూడా వేయను. కానీ ఆయన ఎక్కడినుంచైనా దిగొచ్చి, మూత తిప్పి చూసి, "ఏందమ్మే ఇది?" అని ఒక్కసారి అరుస్తాడంటే మాత్రం, ఒట్టు తీసి గట్టు మీద పెట్టేసి, చెట్టుకు చెట్టే నరికి కారులో వేస్తాను.