జవళగేర పెళ్ళి, అరచేతిలో డ్రైవు

రాయచూరులో మా స్టూడియోకు ఇద్దరమే మనుషులం. పెళ్ళిళ్ళు నేను తీస్తాను. వాటిని కత్తిరించి, కూర్చి, పాటలు పెట్టేది మా అన్న. ఊళ్ళు తిరిగేది నేను, కుర్చీ దిగనిది ఆయన. అందుకే పాత హార్డ్ డిస్కు పోయి కొత్తది కొనాల్సి వచ్చినప్పుడు మా ఇద్దరికీ పొసగలేదు.

పాతది కవితాళ ఊళ్ళో ఒక పెళ్ళి తీసి వస్తుంటే దారిలో పోయింది. బండి గుంతలో పడగానే నా భుజం మీది సంచి జారి రోడ్డు మీద పడింది. ఇంటికొచ్చి తగిలిస్తే లోపల టకటకమని చప్పుడే తప్ప ఒక్క ఫైలూ కనిపించలేదు. కెమెరా కార్డులు చెరపకుండా ఉంచాను కాబట్టి ఆ పెళ్ళి దక్కింది. లేకపోతే ఆ ఇంటివాళ్ళకు మొహం చూపించలేకపోయేదాన్ని.

లోపల తిరిగే పళ్ళెమే లేని ఎస్‌ఎస్‌డీ కొనాలని ఇద్దరం ఒప్పుకున్నాం. ఏ రకం కొనాలన్నదే తగువు.

“లోపల బిగించేది తీస్కుందాం చెల్లే. కంప్యూటర్ల ఏస్తే పని జల్దీ అయితది. నువ్వు ఊర్లకు పోయినప్పుడు దాన్నే ఒక డబ్బాల ఏసి ఇస్త,” అన్నాడు అన్న.

“నువ్వు దాన్ని ఊడబీకి డబ్బాల ఏసేదాంక నేను బస్టాండ్ల కూసోవాల్నా?”

“ఏందే, గిట్ల మాట్లాడ్తవ్?”

“పోయిన డిస్కు నా భుజం మీదికెల్లి పడింది అన్నా. నీ టేబుల్ మీదికెల్లి కాదు.”

ఆయన మాటలో తప్పు లేదు. లోపలిది ఒకసారి బిగిస్తే ఏళ్ళ తరబడి కదలకుండా పనిచేస్తుంది. నాకు కావలసింది మాత్రం కదిలేది. దుమ్ముకు, ఎండకు, చేయి జారడానికి ఓర్చుకోవాలి. ఏ ఊళ్ళో ఎవరి లాప్‌టాప్‌కైనా ఒక్క కేబుల్‌తో తగలాలి. అంగడికి నేనే వెళ్ళి, రబ్బరు తొడుగున్న బయటి డ్రైవు తెచ్చాను. అది అరచేతిలో ఇమిడిపోయింది. అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలో పెట్టాడు.

ఆ నెలలోనే జవళగేరలో పెళ్ళి. వాళ్ళ పెద్దలు కాలువ కింద పొలాలు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. పొద్దుటి ముహూర్తం. భోజనాలయ్యాక పెళ్ళివారి లాప్‌టాప్‌లోంచే కెమెరా కార్డుల్లోని వీడియోలన్నీ డ్రైవులోకి ఎక్కించుకుంటుంటే పెళ్ళికూతురి నాయనమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

“అమ్మాయ్, రాయచూరేగా నువ్వు వెళ్ళేది? మా ఆయన అక్కడ ఆసుపత్రిలో ఉన్నారు. తుంటి ఎముక విరిగింది. మనవరాలి పెళ్ళి చూడలేకపోయానని పొద్దుట్నుంచీ ఒకటే గోల. వీడియో కాల్ చేస్తే బొమ్మ ఆగిపోతోంది.”

“నేను చూపిస్తానమ్మా,” అన్నాను. ఏమాత్రం తడుముకోలేదు.

సాయంత్రం బస్సు దిగి నేరుగా ఆసుపత్రికే వెళ్ళాను. గదిలో ఉన్న టీవీ నా డ్రైవును గుర్తుపట్టలేదు. పెద్దాయన మొహం వాడిపోయింది. నేను కంగారు పడలేదు. అదే కేబుల్‌ను నా ఫోనుకు పెట్టాను. ఫైళ్ళన్నీ వరసగా వచ్చాయి. దిండు ఎత్తుచేసి ఫోను ఆయన కళ్ళకు దగ్గరగా పట్టుకున్నాను.

జీలకర్ర బెల్లం దాకా ఊపిరి బిగబట్టి చూశాడు. తలంబ్రాల దగ్గర ఉన్నట్టుండి చేయెత్తాడు.

“ఆపమ్మా. కాస్త వెనక్కి తిప్పు.”

తిప్పాను. మళ్ళీ తిప్పమన్నాడు. పెళ్ళికూతురు కోసమనుకున్నాను. ఆయన చూపు మాత్రం ఓ మూలన ఉంది. అక్కడ నాయనమ్మ చేతిలో అక్షింతలు పట్టుకుని, పక్కావిడ ఏదో అంటే పగలబడి నవ్వుతోంది. తీసేటప్పుడు నేను కూడా గమనించలేదు.

“చూశావా, నేను లేకపోయినా ఎలా నవ్వుతోందో!” అన్నాడు ఫిర్యాదు చేస్తున్నట్టు. ఆ మాట అంటూనే తనూ నవ్వాడు. నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంటికెళ్ళి అన్నకు ఇదంతా చెప్పాను. ఆయన ఆ నవ్వు ముక్కను తెర మీద పెద్దది చేసి కాసేపు చూశాడు.

“గిది ముందల పెడ్త చెల్లే. ముసలాయనకు ఖుషీ అయితది,” అన్నాడు.

తర్వాత తన కంప్యూటర్‌కు లోపలిది వేరే కొనుక్కున్నాడు. బయటిది నా సంచిలోనే ఉంది. అన్న దాన్నెప్పుడూ అడగలేదు.