బోల్టు తల

జాలరిపేట ఉప్పుగాలికి కారు ఇంజిన్‌లో బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. వాటిని విప్పడంలో మెకానిక్ సన్నిబాబుని మించినవాడు లేడు. నోరే మంచిది కాదు.

"ముందు కాస్త బిగించు బావా, అప్పుడే వొదుల్తాది" అనేవాడు, షెడ్డులో ఇరవై ఏళ్లు తోడున్న పోలయ్య. ఆర్నెల్ల కిందట ఆ పోలయ్య చేతిలోనే ఒక బోల్టు తల తెగింది. "అవి సేతులా, రోకళ్లా?" అని కస్టమర్ల ముందే సన్నిబాబు కడిగేశాడు. పోలయ్య స్పానర్ తుడిచి, డబ్బాలో పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఈరోజు సన్నిబాబు బిగుసుకుపోయిన ఒక బోల్టుకి, తుప్పు వదలడానికి డీజిల్ పోశాడు. ముందు బిగించే ఓపిక లేక, ఒక్క గుంజు గుంజాడు. టక్కుమని తల తెగిపోయింది.

"అవి సేతులా..." అంటూ తలెత్తాడు.

బానెట్‌కి అవతల గోడ ఒక్కటే ఉంది.